నేను వేసిన చుక్కలు

మా అమ్మ కుడికన్ను పోయిందని తెలిసినవాళ్ళంతా ఒకటే మాట అంటారు. "ఏం సేస్తామ్మా, నొసట రాసిందాన్ని తుడుస్తామా?" అని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నొసట ఎవరూ ఏమీ రాయలేదు. రాసింది ఆదోనిలో ఒక కంటి డాక్టరు, ఒక చీటీ మీద. సరిగ్గానే రాశాడు. ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగు అరలో దాచింది నేను. దాని బదులు పక్కింటి గూట్లో ఉన్న చుక్కల మందు తెచ్చి అమ్మ కంట్లో వేసింది కూడా నేనే. పైగా నేను సైన్సు టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లలకు సూక్ష్మజీవుల పాఠం చెబుతాను. వైరస్ బొమ్మ రంగు చాక్‌పీసులతో వేస్తాను. బొమ్మ చాలా బాగా వస్తుందని మా హెడ్మాస్టరు మెచ్చుకుంటారు.

మాది ఎమ్మిగనూరు. మగ్గం ఉన్న ఇల్లు. నడిమింట్లో మగ్గం గుంట, గుంటలో కాళ్ళు పెట్టుకుని అమ్మ, ఆమె చుట్టూ మేం. నేను బడి నుంచి వచ్చి సంచి మూలకు విసిరేసి రాట్నం దగ్గర కూర్చునేదాన్ని. చిన్న గొట్టాల్లాంటి కండెలకు దారం చుట్టడం నా పని. చుట్టిన కండెను నాడెలో పెట్టాలి. నాడె అంటే పేక దారాన్ని మగ్గం మీద ఇటు నుంచి అటు మోసుకుపోయే చెక్క. దాని పక్కన చిన్న బెజ్జం ఉంటుంది. కండె మార్చినప్పుడల్లా దారం కొసను లోపలి నుంచి ఆ బెజ్జంలోకి తేవాలి. వేలు దూరదు. తీగ కొక్కెంతో లాగవచ్చు గాని మగ్గం ముందు కూర్చున్నవాళ్ళకు అంత తీరిక ఎక్కడిది? బెజ్జానికి పెదవులు ఆనించి గట్టిగా ఒక్కసారి పీలిస్తే దారం నోట్లోకి వచ్చేస్తుంది.

అమ్మ రోజంతా అలా పీలుస్తూనే ఉండేది. దవడలు నొప్పి పుట్టినప్పుడు నాడె నా వైపు చాపేది. "పీల్సియ్యి మ్మే" అనేది. అప్పటికే ఆమె ఎంగిలితో తడిసిన చెక్క. నేను పీల్చి ఇచ్చేదాన్ని. మళ్ళీ ఆమె. మళ్ళీ నేను. మా అమ్మకు ఆ పని నేర్పింది వాళ్ళమ్మ, అదే నాడెతో. ఆ చెక్క బెజ్జం చుట్టూ నున్నగా అరిగి ఉండేది. మూడు తరాల మూతులు అరగదీసిన నునుపు అది. నాకు అసహ్యం అనే మాటే తోచేది కాదు. ఇప్పుడు కూడా తోచదు.

అమ్మకు ఎండలు ముదిరినప్పుడో, జ్వరం వచ్చి తగ్గుతున్నప్పుడో పెదవి కొసన నీటిపొక్కులు గుంపుగా లేచేవి. మూతి పేలింది అనేవాళ్ళం. నాకూ పేలేది. పరీక్షల ముందు తప్పకుండా పేలేది. "జ్వరం మూతి మీదికొచ్చిందంటే ఒంట్లోంచి పోయినట్టే, బయపడాకు" అని అమ్మ వెన్న రాసేది. నాలుగైదు రోజులకు పక్కుకట్టి రాలిపోయేది. దానికి ఇంగ్లీషులో ఒక పేరు ఉంటుందని, ఆ పేరు వింటే మనుషుల ముఖాలు మారిపోతాయని మాకు తెలియదు. తెలియని రోజులే మేలు.

మగ్గాలకు పని తగ్గిపోయిన తర్వాత నాయన బళ్ళారి పోయాడు. జీన్స్ ప్యాంట్లకు రంగు వేసి ఉతికే చోట పని. ఏడెనిమిదేళ్ళు చేశాడు. పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చీ రాగానే తొట్టి దగ్గర కూర్చుని చేతులకు నిమ్మచెక్క రుద్దుకునేవాడు. అరచేతుల నీలి రంగు కొంత పోయేది గాని గోళ్ళ సందుల్లోది పోయేది కాదు. ఆ చేతులతోనే అమ్మ పక్కన కూర్చుని కండెలు చుట్టిపెట్టేవాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. చివరికి కామెర్లు వచ్చి చనిపోయాడు. స్నానం చేయించినప్పుడు కూడా గోళ్ళు నీలంగానే ఉన్నాయి. ఆయన పటం మగ్గానికి ఎదురుగా గోడకు తగిలించాం. అమ్మ తలెత్తితే కనిపించేటట్టు ఆమే చెప్పి మేకు కొట్టించుకుంది.

నేను ఆదోనిలో కాపురం ఉంటాను. మా ఆయన జిన్నింగు మిల్లులో ఫిట్టరు. నాది ఒక ప్రైవేటు బడి. రెండేళ్ళ కిందట ఎండాకాలం, పేపర్లు దిద్దుతూ ఉంటే అమ్మ ఫోన్ చేసింది. వారం కిందట జ్వరం వచ్చి తగ్గిందట. మూతి పేలిందట. ఇప్పుడు కుడికంట్లో నలక పడినట్టు ఉందట.

"దారం పీచు పడింటుందిలేమ్మా. సల్లనీళ్ళతో కడుక్కో" అన్నాను. దిద్దాల్సిన కట్టలు ఇంకా మూడున్నాయి.

నాలుగు రోజుల తర్వాత తానే బస్సెక్కి వచ్చింది. పైట కొంగు కుడికంటి మీద అడ్డంగా పట్టుకుని దిగింది. వెలుతురు చూడలేకపోతోంది. కన్ను చింతనిప్పులా ఉంది, నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు కదిలాను నేను. కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కంట్లో పసుపు రంగు మందు వేసి, నీలి దీపం పెట్టి, మిషనులోంచి చూశాడు. "చెట్టు కొమ్మలాగా స్పష్టంగా ఉంది" అన్నాడు, మాతో కాదు, తనలో తాను. తర్వాత చీటీ రాస్తూ, తల ఎత్తకుండా, "హెర్పిస్" అన్నాడు. వైరస్ అన్నాడు. ఆయింట్‌మెంటు రోజుకు ఐదుసార్లు అన్నాడు. వారానికి మళ్ళీ రమ్మన్నాడు. బయట బెంచీల మీద యాభైమంది ఉన్నారు. ఆయనను తప్పుపట్టడం నాకు చాలా ఇష్టం గాని పట్టలేను. ఆయన తన పని చేశాడు. వేరే చుక్కలేవీ వేయవద్దని చెప్పాడా, చెప్పలేదా అని ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకోవాలని చూశానో. ఆ పేరు వినపడిన తర్వాత నాకు ఇంకేమీ వినపడలేదు.

బయటికి వచ్చి అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి ఫోన్ తీశాను. ఆ పేరు కొట్టాను. మొదట వచ్చిన బొమ్మలు చూసి ఫోన్ గుండెకు అదుముకున్నాను, పక్కనున్నవాళ్ళకు కనిపిస్తాయని. తర్వాత ఒక తెలుగు వీడియో. ఎవడో తెల్లకోటు వేసుకున్నవాడు, వెనక ఎర్ర అక్షరాలు. మగవాళ్ళు బయట తిరిగి ఇంటికి తెచ్చే జబ్బు అని, ఒకసారి వస్తే జన్మలో పోదని, తన దగ్గర మాత్రం మందు ఉందని. రెండు నిమిషాలు చూశాను. పిల్లలకు నేను ఏటా చెబుతాను, ఏ మాటైనా నాలుగు చోట్ల చూసి నమ్మండని. నేను ఒక్క చోట చూసి నమ్మాను.

మందుల షాపుకు పోయాను. ఆ షాపాయన కూతురు నా తరగతిలోనే చదువుతుంది. చీటీ చూసి, "కంటికి వేసేది ఇప్పుడు లేదు మేడమ్. సాయంత్రానికి తెప్పిస్తా. పేరూ ఫోన్ నంబరూ రాసిపోండి" అని నోటుబుక్కు నా ముందుకు తోశాడు. తోస్తూ, మామూలుగానే, "ఎవరికి మేడమ్?" అన్నాడు.

అంతే. ఆ మనిషి అన్నది ఆ ఒక్క మాటే. రోజుకు వందమందిని అడిగే మాట. నాకు మాత్రం ఆయన చూపులో ఏదో కనిపించింది. రేపు వాళ్ళమ్మాయి నా ముఖం చూసి నవ్వుతుందని, బడి మొత్తం తెలిసిపోతుందని, టీచరమ్మ తల్లికి ఆ జబ్బట అంటారని. "తెలిసినవాళ్ళకు అన్నా. వద్దులే, వేరే చోట సూస్తా" అని చీటీ లాక్కున్నంత పని చేశాను. వేరే చోట చూడలేదు. ఆదోనిలో మందుల షాపులకు కరువు లేదు. ఒక్కదానికీ పోలేదు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అమ్మ గడప పక్కన నీడలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, బియ్యం చెరుగుతోంది. ఊరికే కూర్చోలేదు ఆమె. నేను వంటింట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాను. అడగకూడదని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

"అమ్మా, నాయన బళ్ళారిలో ఉన్నప్పుడు... యాడన్నా తిరిగినాడా?"

"యాడ తిరుగుతాడు? పని, రూము."

"అట్ల కాదు. ఎవరన్నా ఆడోళ్ళతో."

చేట ఆగింది. "ఏం మాట్లాడుతాండావు మ్మే?"

"నీ కంటికొచ్చింది ఊరికే వచ్చేది కాదంట. మొగోళ్ళు బయట నుంచి తెచ్చి అంటిస్తారంట. ఫోన్లో సూసినా."

అమ్మ తిడుతుందనుకున్నాను. మామూలుగా నోరు గల మనిషి. మగ్గం మీద నుంచే వీధి మొత్తాన్ని అదుపులో పెట్టగలదు. కాని చేట కింద పెట్టింది. ఒళ్ళో పడిన నాలుగు గింజలు ఏరి చేటలో వేసింది. చాలాసేపటికి, "రేపు పొద్దున బస్సెక్కియ్యి. ఇంటికి పోతా" అంది. ఆ మౌనాన్ని నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను. నాయన మీద అసహ్యం పుట్టింది నాకు. ఆ నీలిగోళ్ళ మీద, ఆయన మాట్లాడకపోవడం మీద, నిమ్మచెక్కతో అంతసేపు చేతులు రుద్దుకోవడం మీద కూడా. చచ్చిపోయినవాడు వచ్చి కాదని చెప్పలేడు కదా. మా ఆయన సాయంత్రం అడిగితే, దుమ్ము పడిందంట అన్నాను.

మర్నాడు అమ్మతో పాటు నేనూ ఎమ్మిగనూరు పోయాను. మా పక్కింట్లో ఒక అవ్వ ఉంటుంది. అంతకుముందు ఏడాది కళ్ళ క్యాంపులో శుక్లాలు తీయించుకుంది. అప్పుడిచ్చిన చుక్కల మందు కొంత మిగిలితే గూట్లో పెట్టింది. మా వీధిలో అదొక పద్ధతి. మగ్గాల ఇళ్ళలో దారం పీచుకు, గంజి ఆవిరికి ఎవరిదో ఒకరి కన్ను ఎర్రబడుతూనే ఉంటుంది. ఎర్రబడితే అవ్వ గూట్లోంచి సీసా దిగుతుంది. రెండు పూటలకు ఎరుపు విరిగిపోతుంది. సీసా అయిపోతే ఖాళీ సీసా షాపుకు తీసుకుపోయి చూపించి అలాంటిదే తెచ్చి మళ్ళీ గూట్లో పెడతారు. ఎవరు వాడితే వాళ్ళు తెచ్చిపెట్టాలి. ఇంత ఐకమత్యం వేరే దేంట్లోనూ చూడలేదు నేను.

అవ్వ అమ్మ కన్ను చూసి, "ఇంత దానికి ఆదోని దాకా యాల పోయినారు? ఈ సుక్కలు బంగారమట్ల మందు. నా కన్ను నిలబెట్టింది ఇదే" అని సీసా నా చేతిలో పెట్టింది.

నేను ఆ సీసా మీద అక్షరాలు చదవగలను. ఇంగ్లీషు చదువుకున్న దాన్ని. చదవలేదు. నాకు ఆ సీసాలో కనిపించింది ఒక్కటే సుఖం. దానికి పేరు రాయనక్కరలేదు, ఎవరికి అని ఎవరూ అడగరు. అమ్మను చాప మీద పడుకోబెట్టి, తల నా ఒళ్ళోకి తీసుకుని, రెప్ప విప్పి రెండు చుక్కలు వేశాను. "సల్లగుండాది" అంది అమ్మ.

రెండు రోజులకు ఎరుపు పోయింది. నొప్పి పోయింది. నీళ్ళు కారడం ఆగింది. నేను ఫోన్ చేస్తే అవ్వే ఎత్తి, "మీయమ్మ మగ్గమెక్కింది సూడు" అని గొప్పగా చెప్పింది. నాకు ఎంత పొగరు వచ్చిందంటే, డాక్టర్లు ఊరికే భయపెడతారని స్టాఫ్‌రూములో ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ వారం సీసా అయిపోయిందంటే పద్ధతి ప్రకారం నేనే ఖాళీ సీసా తెప్పించుకుని, ఆదోనిలో షాపులో చూపించి ఇంకొకటి కొని పంపాను. ఏ చీటీ అడగలేదు, ఏ పేరూ రాసుకోలేదు. కన్ను నిలబెట్టే మందుకు నోటుబుక్కు తోశారు. కన్ను తీసే మందును కవరులో పెట్టి ఇచ్చారు.

మధ్యలో ఒకసారి ఊరికి పోయినప్పుడు నాయన పటం మీద తువ్వాలు కప్పి ఉంది. దుమ్ము పడకుండా కప్పిందేమో అనుకున్నాను. అడగలేదు. అడగకపోవడం కూడా ఒక సుఖమే.

కన్ను పాడవుతున్న సంగతి మొదట దుప్పటి చెప్పింది. అమ్మ నేసిన దుప్పట్లో అంచు దగ్గర పోగులు తప్పాయని చేనేత సొసైటీలో తిప్పి పంపారు. అమ్మ నేతలో తప్పు పట్టడం నా ఎరుకలో అదే మొదలు. అప్పుడు చెప్పింది ఫోన్లో, "పోగులు జంట జంటగా కనపడతాండాయి మ్మే. పొగ కమ్మినట్టుండాది." నేను పోయి చూసేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. గంజి చుక్క పడి ఆరినట్టు ఉంది. ఎరుపు లేదు, పెద్ద నొప్పి లేదు. అంత బుద్ధిగా, చప్పుడు లేకుండా తినేసింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ చూసింది. నెరిసిన జుట్టు, మెల్లటి గొంతు. చాలాసేపు చూసి, "ఇంతవరకు ఏం వేశారు?" అని అడిగింది. సీసా తీసి ఇచ్చాను. ఆమె సీసాను వెలుతురులోకి ఎత్తి చదివి బల్ల మీద పెట్టింది.

"ఎవరు వేయమన్నారు?"

"ఎవరూ వేయమనలేదు. నేనే వేశాను."

"ఇది స్టీరాయిడ్ అమ్మా. వాపునూ ఎరుపునూ అణుస్తుంది. దాంతోపాటు ఆ వైరస్‌తో కలబడే శక్తినీ అణుస్తుంది. పైకి బాగైపోయినట్టే ఉంటుంది, లోపల పుండు విస్తరిస్తూ పోతుంది. ఆపరేషను అయినవాళ్ళకు అవసరమే. ఈ జబ్బుకు కూడా కొన్నిసార్లు మేం వాడతాం, వైరస్ మందు తోడుపెట్టి, రోజూ చూసుకుంటూ. ఊరికే ఇలా వేస్తే మాత్రం..." అని ఆపింది.

హ్యాండ్‌బ్యాగు అరలోంచి మడతల చీటీ తీసి ఇచ్చాను. మడతల దగ్గర చిరగబోతోంది. ఆమె విప్పి చదివింది. "సరిగ్గా రాశారే! ఎందుకు వాడలేదు?"

"పేరు చూసి... సిగ్గేసింది మేడమ్."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఇలాంటి మడతల చీటీలు చాలా చూసినట్టుంది. ఓపికగా చెప్పింది. ఈ వైరస్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి ఎక్కువగా నోటి చుట్టూ లేచేది. అది చిన్నప్పుడే, ఎంగిలి ద్వారా, ముద్దుల ద్వారా వస్తుంది. లోకంలో చాలామందికి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. వచ్చినది పోదు. చెవి దగ్గర లోపల నరాల ముడిలో దాక్కుంటుంది. జ్వరమో, ఎండో, అలసటో తగిలితే నరం వెంట దిగి వస్తుంది. ఎక్కువమందికి పెదవి మీదికి దిగుతుంది. కొందరికి కంట్లోకి దిగుతుంది. కంట్లోకి వచ్చేది దాదాపు ఎప్పుడూ ఈ రకమే. రెండోది ఎక్కువగా మగా ఆడా కలయిక వల్ల వచ్చేది. "అది వచ్చినవాళ్ళు కూడా నేరం చేసినట్టు కాదు. అదీ జబ్బే, దానికీ మందు ఉంది. జబ్బుకు నడవడిక అంటగట్టేది మనమే" అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, "మీకు ఎప్పుడన్నా మూతి పేలుతుందా?" అని అడిగింది.

"పేలుతుంది మేడమ్. చిన్నప్పటి నుంచీ."

"అంటే మీకూ ఉంది. మరి మీరెక్కడ తిరిగారు?"

ఆ నిమిషంలో నాకు గుర్తుకొచ్చింది నున్నగా అరిగిన నాడె బెజ్జం. నా నోటికి అది ఎలా వచ్చిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు, డాక్టరమ్మ కూడా చెప్పలేనంది. అమ్మ నమిలి పెట్టిన వేరుశనగ గింజల్లో వచ్చి ఉండవచ్చు, చంక దింపకుండా పెట్టిన ముద్దుల్లో వచ్చి ఉండవచ్చు. ఏ దారిన వచ్చినా ప్రేమ ఉన్న దారినే వచ్చింది. నేను దానికి బళ్ళారి దారి కట్టాను.

కన్ను సంగతి అడిగాను. మచ్చ పోదంది. నల్లగుడ్డు మీది పొర మార్చవచ్చు గాని ముందు చాలాకాలం మాత్రలతో వైరస్‌ను నెమ్మదింపజేయాలని, మార్చిన పొర మీద కూడా అది మళ్ళీ లేవవచ్చని, మాట ఇవ్వలేనని చెప్పింది. మొదటి వారమే ఆ ఆయింట్‌మెంటు పెట్టి ఉంటే అని నేను మొదలుపెడితే, "అవన్నీ ఇప్పుడెందుకమ్మా" అని వేరే పేషెంటును పిలిచింది. అదే జవాబు.

తిరుగు బస్సులో అమ్మకు మొత్తం చెప్పాను. రెండు రకాలూ, నరాల ముడీ, నాడె సంగతీ, చుక్కల సంగతీ, చీటీ దాచిన సంగతీ. ఏడుస్తూ చెప్పాను. ముందు సీట్లో ఒకామె తిరిగి చూసింది, చూడనిమ్మనుకున్నాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ వింది. గోనెగండ్ల దగ్గర కూలి మనుషులు గంపలతో ఎక్కి బస్సు నిండిపోయింది. అప్పుడు అడిగింది.

"అయితే మీ నాయన తేలేదా?"

"లేదమ్మా."

"కచ్చితంగా సెప్పిందా ఆయమ్మ?"

"సెప్పిందమ్మా. నాయనకు దీంతో ఏ సంబందమూ లేదు."

పైట కొంగుతో కుడికన్ను తుడుచుకుని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

వీధివాళ్ళకు నేను తర్వాత చెప్పాను, ఆ సీసా వద్దని, డాక్టరు చూడకుండా ఏ చుక్కలూ వేయవద్దని. బడిలో చెప్పినట్టే చెప్పాను. అందరూ తలలూపారు. పోయిన నెల చూశాను, అవ్వ గూట్లో కొత్త సీసా ఉంది. అవ్వను తిట్టే అర్హత నాకెక్కడిది? ఆమెకు చదువు రాదు.

కర్నూలు నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటికి రాగానే అమ్మ కాళ్ళు కడుక్కుని నేరుగా మగ్గం గుంటలో దిగింది. నేయడానికి కాదు, ఊరికే. అలవాటుగా నాడె చేతిలోకి తీసుకుని, చూడకుండానే బెజ్జం వెతుక్కుని పీల్చింది. దారం వచ్చింది. నేను గుంట అంచున కూర్చుని ఆమె మోకాలు పట్టుకున్నాను. "నీ కన్ను తీసినానమ్మా. నా తప్పు మన్నించు" అన్నాను.

"కన్ను సంగతి ఇడ్సిపెట్టు. ఇంకోటుంది గదా" అంది. నాడె ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వు ఆ మాట అడిగిన దినం నాకు తిట్టబుద్ది గాలేదు. నువ్వు సదువుకున్నదానివి, ఫోన్లో సూసి సెప్పితివి. నేనూ నమ్మినా మ్మే. ముప్పై ఏండ్లు నా పక్కన ఉన్న మనిసిని, నమ్మినా. ఇంటికొచ్చి ఆ పటం మీద గుడ్డ కప్పినా. తలెత్తితే కనపడతాండాడని."

నేను గోడ వైపు చూశాను. తువ్వాలు అలాగే ఉంది. ఆమె నేసిందే.

"రెండు కండ్లతో సూడగలిగిన కడాకరి దినాలు అవి. ఆ దినాలన్నీ ఆయప్పను సూడకుండా కూసున్నా" అంది అమ్మ. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని.

లేచి తువ్వాలు తీయబోయింది, మళ్ళీ కూర్చుంది. "నువ్వే తియ్యి" అంది. తీశాను. నాయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్న ఫోటో. ఫోటోలో గోళ్ళ రంగు తెలియదు. అమ్మ మెడ కుడి పక్కకు తిప్పి, ఎడమకన్ను సరిగ్గా పటానికి ఎదురుగా తెచ్చుకుని చూసింది. ఇప్పుడు ఆమె ఎవరిని చూసినా అలాగే చూస్తుంది.

"సెప్పు ఆయప్పకు. డాక్టరమ్మ సెప్పిందంతా, బస్సులో నాకు సెప్పినట్టే సెప్పు" అంది.

రోజూ నలభైమంది పిల్లల ముందు నిలబడే దాన్ని. పటం ముందు నిలబడ్డాను. "నాయనా" అన్నాను. ఆ తర్వాతి మాట ఇప్పటికీ రాలేదు.